గ్రేడింగ్‌కు ముందు ప్యాటర్న్‌ల సాధన: ఒక వీడియో పాఠాల యాప్‌పై సమీక్ష

చొన్-జీ మొదలుకొని చూంగ్-మూ వరకు, బ్లాక్ బెల్ట్‌కు ముందు నేర్చుకోవలసిన తొమ్మిది ఐటీఎఫ్ (అంతర్జాతీయ తైక్వాండో సమాఖ్య) తైక్వాండో ప్యాటర్న్‌లను, అంటే నిర్ణీత క్రమంలో చేసే కదలికల వరుసలను, ఇంట్లో సాధన చేసుకోవడానికి తయారుచేసిన యాప్ ఇది. మాస్టర్ దగ్గర నేర్చుకున్న ప్యాటర్న్‌ను గ్రేడింగ్ (బెల్ట్ పరీక్ష) నాటికి తప్పులు లేకుండా చేయడానికి ఇది ఎంతవరకు ఉపకరిస్తుందన్న దృష్టితోనే పరిశీలించాను.

అన్నిటికంటే మెచ్చుకోదగినది కెమెరాను ఉంచిన చోటు. ఎదురుగా నిలబడినవారిని చూస్తూ చేస్తే కుడిఎడమలు తారుమారవుతాయి కాబట్టి, ఇందులో ప్రదర్శకుడిని వెనకనుంచి చూపించారు; పైగా మనం తెరకు వీపు తిప్పవలసిన ప్రతిచోటా తర్వాతి అడుగు ఎటో, ఏ చేత్తో ఏమి చేయాలో ముందే వినిపిస్తారు.

చొన్-జీలో 19 కదలికలున్నా, వాడేవి లో బ్లాక్ (కిందివైపు అడ్డుకోవడం), మిడిల్ పంచ్ (మధ్య ఎత్తులో పిడిగుద్దు), ఇన్నర్ ఫోర్‌ఆర్మ్ బ్లాక్ (ముంజేతి లోపలి వైపుతో అడ్డుకోవడం) మాత్రమే కావడంవల్ల పరీక్షకుడి చూపు పాదాల మీదికి పోవడం సహజం. వాకింగ్ స్టాన్స్ (ఒక కాలు ముందుకు వేసి నిలబడే భంగిమ) పొడవు భుజాల వెడల్పుకు ఒకటిన్నర రెట్లుండాలి, అడ్డంగా భుజాల వెడల్పంత ఉండాలి. పాదాలు ‘ఎల్’ అక్షరం ఆకారంలో ఉండే ఎల్ స్టాన్స్‌లో 70 శాతం బరువు వెనక కాలి మీద పడాలి. నేలమీద గీతలు గీసి చూపడంవల్ల ఈ కొలతలు చక్కగా అర్థమవుతాయి. తిరిగేటప్పుడు రెండు పాదాలనూ ఒకే గీత మీదికి తెచ్చి తూలిపోవడం కొత్తవారిలో తరచూ కనిపించే లోపం. ఆ తప్పును చూపి, సరైన అడుగును నెమ్మదిగా మళ్ళీ చేయించారు. అవే గీతలను ఇంట్లో టేపుతో వేసుకోమన్న సలహా ఎంతో మంచిది. ప్యాటర్న్ మొదలైన చోటే ముగియాలి కనుక, వెనక్కి అడుగువేస్తూ చివరి పంచ్‌లు చేశాక ఎక్కడ తేలామో చూసుకుంటే అడుగుల్లో తేడా ఇట్టే బయటపడుతుంది.

డో-సాన్ అనే ప్యాటర్న్‌లో వేళ్ళ కొనలతో పొడిచిన తర్వాత, ప్రత్యర్థి పట్టుకున్న చేతిని అరచేయి కిందికి తిరిగేలా శరీరంతోపాటు మెలితిప్పి విడిపించుకుని, చుట్టూ తిరిగి ఎడమ పిడికిలి వెనక భాగంతో కొట్టాలి. పట్టు ఎక్కడుందో తెలియకపోతే ఆ మెలిక ప్రాణంలేని చేతి ఊపుగా మిగులుతుంది. ఇక్కడ ఇద్దరితో ఆ పట్టును చేయించి చూపడం నాకెంతో నచ్చింది. ప్యాటర్న్‌ల అర్థాలను కూడా క్లుప్తంగా, సరిగానే ఇచ్చారు.

లయ విషయంలో మాత్రం ఈ యాప్‌ను సమర్థించలేను. ప్రతి కదలికకూ ఒకే వ్యవధితో లెక్క వినిపిస్తుంది. డాన్-గున్ అనే ప్యాటర్న్‌లో 13, 14 కదలికలు, అంటే లో బ్లాక్, దాని వెంటనే రైజింగ్ బ్లాక్ (చేతిని పైకి లేపి అడ్డుకోవడం), మధ్యలో ఆగకుండా ఒకే ప్రవాహంగా సాగాలి. ఇందులో వాటి నడుమ కూడా విరామం వస్తుంది. ఆ లెక్కకు అలవాటుపడిన శరీరం పరీక్షలోనూ అక్కడే ఆగుతుంది. లెక్కను పూర్తిగా ఆపే వీలు లేకపోవడం మరింత ఇబ్బంది, ఎందుకంటే గ్రేడింగ్‌లో లెక్క లేకుండా మొత్తం ప్యాటర్న్‌ను సొంతంగా చేయమని అడగవచ్చు. కాబట్టి అడుగులు, దిశలు కుదిరేవరకు దీన్ని వాడి, ఆ తర్వాత ఫోన్‌ను పక్కనపెట్టి, లయను మాస్టర్ ఎదుటే దిద్దుకోవాలని నా సూచన.