వీపు మీద నాలుగు సెన్సర్లు: ఆరేళ్లు వాడాక

గుండె, ఛాతీ ఆపరేషన్లకు మత్తు ఇచ్చే డాక్టర్‌ని నేను. ఛాతీ నుంచి పొట్ట దాకా ఉబ్బిన అయోర్టాను, అంటే గుండె నుంచి వచ్చే పెద్ద ధమనిని, మార్చే ఆపరేషన్ ఉందంటే ముందు రాత్రి నాకు నిద్ర పట్టనివ్వనిది వెన్నుపాము. అయోర్టాను బిగించి మూసే క్లాంప్ వేయగానే వెన్నుపాముకు నెత్తురు తగ్గుతుంది. ప్రాణం దక్కినా కాళ్లు పడిపోవచ్చు.

దాన్ని కనిపెట్టి ఉండటానికి మేం వాడేది మెదడులో ఆక్సిజన్ చూడటానికి నుదుటి మీద అంటించే నియర్ ఇన్‌ఫ్రారెడ్ సెన్సర్లనే. చర్మం గుండా కంటికి కనపడని వెలుగు పంపి, లోపలి నెత్తురులో ఆక్సిజన్ ఎంతుందో శాతంలో చూపిస్తాయి. వెన్నెముకకు రెండు పక్కలా, ఛాతీ ఎత్తులో రెండు, నడుము దగ్గర రెండు. ఈ వాడకం మీద జర్మనీలోని లైప్‌జిగ్‌లో క్రిస్టియన్ ఎట్జ్ బృందం చాలా పనిచేసింది.

అయితే ఈ వెలుగు వెన్నుపాము దాకా పోదు. రెండు మూడు సెంటీమీటర్ల లోతు, అంతే. చూసేది పక్కనున్న కండని. మేం చదువుకునేటప్పుడు వెన్నుపాము కింది భాగానికి నెత్తురు ఇచ్చే, 1882లో వర్ణించిన ఆడమ్‌కీవిచ్ ధమని ఒక్కటే దిక్కన్నట్టు చెప్పేవారు. నిజానికి కండకీ వెన్నుపాముకీ కలిపి చిన్న నాళాల వల ఉంది. పక్క పొలం ఎండిందంటే మన కాలువలోనూ నీళ్లు తగ్గాయనుకోవడం లాంటిదే ఈ లెక్క. చాలాసార్లు సరిపోతుంది, అన్నిసార్లూ కాదు. ఒకసారి కింది (నడుము దగ్గరి) సెన్సర్ల నంబర్లు బాగానే ఉన్నాయి, కాళ్ల ఎంఈపీ మాత్రం పోయింది. ఎంఈపీ అంటే తల మీద కరెంటు ఇచ్చి, ఆ సంకేతం వెన్నుపాము గుండా కండలకి చేరుతోందా అని చూసే పరీక్ష. బీపీ పెంచి, సర్జన్ ఒక నడుము ధమనిని గ్రాఫ్ట్‌కి (అయోర్టా బదులు పెట్టే కృత్రిమ గొట్టానికి) కుట్టాక ఆ సంకేతం తిరిగొచ్చింది. అందుకే ఎంఈపీని వదల్లేదు.

నాకు ఇది అసలు పనికొచ్చింది ఐసీయూలో. ఎంఈపీ థియేటర్‌తో ఆగిపోతుంది, కాళ్లు పడిపోవడం గంటల తర్వాతో రోజుల తర్వాతో కూడా రావచ్చు. రెండో రోజు రాత్రి సిస్టర్ ఫోన్: "సార్, కింది నంబర్లు 70 నుంచి 55కి వచ్చాయి. బీపీ కొంచెమే తగ్గింది." పేషెంట్ అప్పటికి కాళ్లు కదుపుతూనే ఉన్నాడు. మీన్ ప్రెషర్ (సగటు బీపీ) 90 దాటించాం, నడుము డ్రెయిన్ (వెన్నుపాము చుట్టూ ఉండే ద్రవాన్ని బయటికి తీసే సన్నటి గొట్టం) సరిగా నడుస్తోందో చూశాం, హిమోగ్లోబిన్ తక్కువుంటే రక్తం ఎక్కించాం. నంబర్లు మెల్లగా ఎక్కాయి. ఏమీ చేయకపోయినా బాగుండేవాడేమో. అలాంటి రాత్రి మళ్లీ వస్తే మళ్లీ అదే చేస్తాను.

చిరాకులూ ఉన్నాయి. సెన్సర్లు ఒక్కసారికే, ధర ఎక్కువ, పేషెంట్‌కి నాలుగు. లావుగా ఉన్నవాళ్లలో వెలుగు కొవ్వులోనే ఆగిపోతుంది. ఒకరి నంబర్ ఇంకొకరితో పోల్చకూడదు, మత్తుకు ముందు అతనికి ఎంతుందో దానితోనే చూడాలి. ఓసారి ఒక రీడింగ్ అమాంతం పడిపోతే సర్జన్‌ని ఆపి, పేషెంట్ మీద కప్పిన డ్రేప్‌ల (గుడ్డల) కిందకి దూరి చూస్తే బీటాడిన్ కారి సెన్సర్ సగం ఊడి ఉంది. ఆయన నా వైపు చూసిన చూపు ఇంకా గుర్తుంది.

అప్పట్నించి ప్రతి సెన్సర్ మీదా పారదర్శకమైన ప్లాస్టర్ వేసి, పక్కకు తిప్పి పడుకోబెట్టే ముందు ఏ వైరు ఎక్కడిదో పెన్నుతో రాస్తున్నాం.