విమానానికి పీఎన్ఆర్ (బుకింగ్ కోడ్) ఉంటే టికెట్ ఉన్నట్టు కాదు. వాళ్ళకి ఎవరూ డబ్బు కట్టకండి

నిన్న సాయంత్రం జరిగింది ఇది. రాత్రి నిద్ర లేదు, కోపం తగ్గలేదు. రాసేది ముందూ వెనకా అయితే ఏమీ అనుకోకండి. వాళ్ళు ఏజెంట్లు. తక్కువ బడ్జెట్‌లో ప్రయాణాలు చేసేవాళ్ళకి చవగ్గా విమానం టికెట్లు ఇప్పిస్తామంటారు, మెసేజ్ పెట్టిన నిమిషంలో తిరిగి ఫోన్ చేస్తారు. మీలో సగం మందికి వాళ్ళు తెలిసే ఉంటారు. పేరు రాయను.

అమ్మకీ నాకూ రానూ పోనూ టికెట్లు. ప్రయాణం శనివారం. మాకసలు టికెట్లే లేవని బుధవారం తెలిసింది.

పద్నాలుగు నెలలు దాచిన డబ్బు అది. ఖర్చులు పోగా మిగిలింది దాద్దామనుకుంటే ఏ నెలా ఏమీ మిగలదు. అందుకని జీతం పడ్డ రోజే కొంత వేరే ఖాతాలోకి వేసేదాన్ని. నడిచి వెళ్ళగలిగే చోటికి బండి ఎక్కలేదు. ఫోన్ స్క్రీన్ పగిలినా అలాగే వాడాను. అమ్మ ఒక పాత నోటుబుక్కులో నెల పేరు రాసుకుని పక్కన టిక్కు పెట్టేది. పద్నాలుగు నెలల్లో రెండింటికే టిక్కుల్లేవు. ఒకటి తనకి జ్వరం వచ్చి మందులకి ఖర్చయిన నెల, ఇంకోటి నా జీతం ఆలస్యమైన నెల. ఆ రెండు ఖాళీలు చూసినప్పుడల్లా తనే ఏదో తప్పు చేసినట్టు బాధపడేది.

మా పెద్దమ్మని అమ్మ చూసి తొమ్మిదేళ్ళయింది. వెళ్దామనుకున్నది ఆవిడ దగ్గరికే.

మూడు నెలల ముందే కొన్నాం. ఒకే విమానంలో పక్కపక్క సీట్లకి కూడా ఒకే ధర ఉండదు, చవకవి ముందు అయిపోతాయి, రోజులు దగ్గరపడే కొద్దీ ఖరీదైనవే మిగులుతాయి. ఇది నాకు తెలుసు, అందుకే తొందరపడ్డాను. కార్డుతో కడతానంటే, "వద్దక్కా, కార్డుకి ఛార్జీ పడుతుంది, నేరుగా ఖాతాలో వేసెయ్యండి, ఆ డబ్బు మీకే మిగులుతుంది" అన్నాడు ఆ ఏజెంట్. నా మేలు కోరి చెప్పాడనుకున్నాను. గంటలో పీడీఎఫ్ వచ్చింది. ఇద్దరి పేర్లూ సరిగ్గా ఉన్నాయి. విమానం నంబరు, తేదీ, ఆరు అక్షరాల పీఎన్ఆర్, పెద్ద అక్షరాలతో 'కన్ఫర్మ్డ్'. ఎయిర్‌లైన్ సైట్‌లో ఆ కోడ్ కొట్టి చూశాను కూడా. మా పేర్లు కనిపించాయి. ఇంకేం కావాలి అనుకున్నాను. ప్రింట్ తీయించి ప్లాస్టిక్ కవర్లో పెట్టాను.

నిన్న మళ్ళీ సైట్ తెరిచింది అమ్మకి కిటికీ పక్క సీటు దొరుకుతుందేమో చూద్దామని. అమ్మ ఇంతవరకు విమానం ఎక్కలేదు. 'బుకింగ్ కనబడలేదు' అని వచ్చింది. తప్పు కొట్టానేమోనని కాగితం అమ్మ చేతికిచ్చి, తను ఒక్కో అక్షరం చదువుతుంటే మళ్ళీ కొట్టాను. మూడుసార్లు అదే మాట.

హెల్ప్‌లైన్‌లో నలభై నిమిషాల తర్వాత ఒకమ్మాయి దొరికింది. పాపం ఆ అమ్మాయి ఓపిగ్గానే చెప్పింది. "మీ పేర్ల మీద సీట్లు హోల్డ్ చేశారండీ, కానీ టికెట్ ఇష్యూ చేయలేదు. గడువు దాటాక దానంతటదే రద్దయింది. మీ కాగితం మీద 13 అంకెల టికెట్ నంబర్ ఉందా?" అని అడిగింది. రెండు వైపులా తిప్పి చూశాను. వాడి ఫోన్ నంబర్ ఉంది, లోగో ఉంది, అడుగున 'శుభ ప్రయాణం' అని ఉంది. పదమూడు అంకెలు మాత్రం లేవు.

పీఎన్ఆర్ అంటే మన పేరు మీద సీటు అడిగినట్టు ఒక నమోదు, అంతేనట. డబ్బు కట్టకుండానే ఏజెంట్ దాన్ని కొన్నాళ్ళు పట్టి ఉంచగలడు. అప్పుడు కూడా సైట్‌లో మన పేర్లు కనిపిస్తాయి. టికెట్ వేరు. అది ఇష్యూ అయితేనే నంబర్ పుడుతుంది, అందులో మొదటి మూడు అంకెలు ఆ ఎయిర్‌లైన్ కోడ్. విమానయాన సంస్థల అంతర్జాతీయ సంఘం అయాటా 2008 జూన్ 1 నుంచి కాగితం టికెట్లు ఆపేసిన తర్వాత మన చేతిలో టికెట్ అనదగ్గది ఆ నంబరే. ఇదంతా నేను నిన్న నేర్చుకున్నాను.

వాడికి ఫోన్ చేశాను. ఏడుసార్లు ఎత్తలేదు. అమ్మ ఫోన్ నుంచి చేస్తే మొదటి రింగుకే ఎత్తాడు. అమ్మ కూడా వినాలని స్పీకర్ పెట్టాను. పెట్టకుండా ఉండాల్సింది.

టికెట్ ఎందుకు తీయలేదని అడిగాను. "రేటు పెరిగింది, తేడా కట్టండి, ఇప్పుడే తీస్తా" అన్నాడు. మేం మూడు నెలల క్రితమే పూర్తి డబ్బు కట్టాం కదా అన్నాను. ఆ రోజు రేటుకి ఆ రోజే తీయాల్సింది కదా అన్నాను. అరవలేదు, ఒట్టు. అప్పటిదాకా అక్కా అక్కా అన్నవాడి గొంతు మారిపోయింది. "చూడమ్మా, చవగ్గా కావాలన్నది నువ్వే కదా. అంత స్థోమత లేనప్పుడు విమానాలెందుకు? ఇంట్లో కూర్చోవాలి" అన్నాడు.

అదే మాట. ఎన్నిసార్లు తలుచుకున్నా ఆ 'చూడమ్మా' దగ్గరే ఆగిపోతున్నాను. నా డబ్బు మూడు నెలలు తన దగ్గర ఉంచుకుని, నాకే స్థోమత లేదన్నాడు.

అమ్మ ఏమీ అనలేదు. మంచం మీద సూట్‌కేస్ తెరిచి ఉంది. పెద్దమ్మ కోసం తను అల్లిన శాలువా పైనే ఉంది, చివర దారం ముడి ఇంకా కత్తిరించలేదు. దాన్ని తీసి మడత సరిచేసి మళ్ళీ అక్కడే పెట్టింది. "ఫోన్ పెట్టెయ్యమ్మా" అంది, అంతే. నేను పెట్టేలోపు వాడే పెట్టేశాడు. రాత్రికి మా ఇద్దరి నంబర్లూ బ్లాక్ చేశాడు.

మధ్యలో రెండు రోజులకి గది కూడా తీసుకున్నాను. రద్దు చేస్తే పైసా వెనక్కి రాదు, అలాంటిదే చవకని ఎంచుకున్నాను. అదీ పోయింది. ఇప్పుడు అవే సీట్లు కొనాలంటే అప్పు చేయాలి. అమ్మ ఒప్పుకోదు.

తప్పు నాది కూడా ఉంది, దాచను. పైసా పైసా లెక్కపెట్టిన దాన్ని, మొత్తం తీసుకెళ్ళి ఒక ఫోన్ నంబర్ చేతిలో పోశాను. నేరుగా ఖాతాలో వేయమన్నప్పుడే అనుమానం రావాల్సింది. కార్డుతో కట్టి ఉంటే సేవ అందలేదని బ్యాంకులో చార్జ్‌బ్యాక్, అంటే కట్టిన డబ్బు వెనక్కి ఇప్పించమని, అడిగేదాన్ని. వీసా, మాస్టర్‌కార్డ్ నిబంధనల్లో దానికి సాధారణంగా 120 రోజుల దాకా గడువు ఉంటుంది. ఖాతాలో వేసిన డబ్బుకి ఆ దారి లేదు. బ్యాంకుకీ పోలీసులకీ ఫిర్యాదు ఇచ్చాను. చాట్ మొత్తం, డబ్బు పంపిన రసీదు, ఆ పీడీఎఫ్ భద్రంగా ఉంచాను. మీరూ ఏదీ డిలీట్ చేయకండి.

ఏజెంట్ దగ్గర కొంటే ఆ పదమూడు అంకెల నంబర్ అదే రోజు అడిగి తీసుకోండి. కొన్ని చవక ఎయిర్‌లైన్స్‌లో ఆ నంబర్ ఉండదు, పీఎన్ఆర్ కోడ్ ఒక్కటే ఇస్తారు. అలాంటప్పుడు ఎయిర్‌లైన్‌కే ఫోన్ చేసి డబ్బు అందిందా, టికెట్ ఖాయమైందా అని అడగండి. పేర్లు కనిపించాయని వదిలేయకండి. కార్డుకి పడే ఛార్జీ ఎంతైనా సరే, కార్డుతోనే కట్టండి.

వాళ్ళకి ఇప్పటికే డబ్బు కట్టినవాళ్ళు ఎవరైనా ఉంటే ప్రయాణం దాకా ఆగకండి, ఈ రాత్రే ఎయిర్‌లైన్‌కి ఫోన్ చేయండి. హోల్డ్ గడువు ఇంకా దాటకపోతే మీ సీటు ఇంకా ఉండి ఉండొచ్చు. వాడు ఫోన్ ఎత్తకపోతే ఇంట్లో వేరేవాళ్ళ నంబర్ నుంచి చేయండి, ఎత్తుతాడు.