గ్రాఫిక్స్ కార్డ్ కొంటున్నారా? డబ్బా మీద పేరు చూసి మోసపోకండి, నేను పోయాను

డబ్బులు పోగేసుకుని, నాలుగైదు రివ్యూలు చూసేసి, ఇంక ఇదే ఫిక్స్ అనుకున్నవాళ్ళు ఆర్డర్ పెట్టేముందు ఒక్క ఐదు నిమిషాలు ఆగి ఇది చదవండి. నేను ఆగలేదు.

నేను కొన్న కార్డ్ గురించి చూసిన రివ్యూలన్నీ బాగుందనే చెప్పాయి. కార్డ్ వచ్చింది, బిగించాను, డ్రైవర్ వేశాను. రివ్యూలో సెకనుకు 60 ఫ్రేములు దాటి పరిగెత్తిన గేమ్ నా దగ్గర 30 దాటడానికే ఆయాసపడుతోంది. ఇలాంటప్పుడు మనం ముందు కార్డ్‌ని అనుమానించం కదా, మనల్నే అనుమానించుకుంటాం. డ్రైవర్ తీసేసి మళ్ళీ వేశాను, విండోస్ మొత్తం కొత్తగా ఎక్కించాను, పవర్ సప్లై చాలట్లేదేమోనని ఫ్రెండ్ దగ్గర ఇంకోటి అడిగి తెచ్చి పెట్టి చూశాను, చివరికి ప్రాసెసర్ ముసలిదైపోయిందని పాపం దాన్ని కూడా తిట్టుకున్నాను. ఈ టెన్షన్‌లోనే పది రోజులు పోయాయి. పదకొండో రోజు జీపీయూ-జెడ్ అనే చిన్న ఉచిత సాఫ్ట్‌వేర్ తెరిచి, రివ్యూలో చూపించిన స్క్రీన్ పక్కన నాది పెట్టి చూస్తే పేరు అదే, మెమరీ సైజూ అదే, కానీ కోర్‌లు (లెక్కలు చేసే చిన్న యూనిట్లు) తక్కువ, మెమరీ బస్ (చిప్‌కీ మెమరీకీ మధ్య డేటా వెళ్ళే దారి) సగం! రివ్యూలు వచ్చాక ఎప్పుడో కంపెనీ అదే పేరుతో ఇంకో రకం వదిలింది, నాకు అది తగిలింది. రిటర్న్ గడువు అప్పటికే దాటిపోయింది. "పేరు అదే కదా సార్, మేం వేరేది ఇవ్వలేదు కదా" అన్నాడు అమ్మినవాడు. ఆ మాటలో అబద్ధం లేకపోవడమే నాకు ఒళ్ళు మండించింది.

కంపెనీ పేరు, మోడల్ పేరు కావాలనే రాయట్లేదు. రాస్తే ఆ ఒక్కటి కొనకపోతే చాలనుకుని ఇంకోదాంట్లో పడతారు. ఇది ఏ ఒక్కళ్ళ అలవాటూ కాదు. ఆ కోపంలో కూర్చుని పాత చరిత్ర తవ్వితే తెలిసింది, ఈ పేర్ల ఆట చాలా పాతదని.

2007 చివర్లో గ్రాఫిక్స్ చిప్‌లు చేసే ఎన్విడియా జీ92 అనే చిప్‌తో 8800 జీటీ తెచ్చింది, నిజంగా మంచి కార్డ్. 2008లో అదే చిప్ 9800 జీటీ, 9800 జీటీఎక్స్ పేర్లతో వచ్చింది, తర్వాత చిప్ తయారీ కొలతని 55 నానోమీటర్లకు తగ్గించి (ఈ అంకె తగ్గితే చిప్ చిన్నదవుతుంది) పేరు వెనకాల ప్లస్ తగిలించారు, 2009లో దానికే జీటీఎస్ 250 అని బోర్డు కట్టారు. ఏడాదిన్నరలో మూడు సిరీస్‌ల పేర్లు మారాయి, లోపలున్నది మాత్రం అదే. దాని పోటీ కంపెనీ ఏఎండీ ఏమన్నా తక్కువ తిందా? 2012 జనవరిలో అమ్మకానికి వచ్చిన హెచ్‌డీ 7970 మరుసటి ఏడాది ఆర్9 280ఎక్స్ అయింది. 2013 నాటి ఆర్9 290ఎక్స్ 2015లో 390ఎక్స్ అయింది (దీనికి మెమరీ 4 జీబీ నుంచి 8 జీబీ చేశారు, క్లాక్, అంటే చిప్ వేగం, కొంచెం పెంచారు, కాబట్టి పూర్తిగా తిట్టలేను). అదే 2015లో వచ్చిన ఆర్7 370 లోపల మాత్రం 2012 నాటి చిప్పే ఉంది. స్క్రీన్‌ని కార్డ్ వేగంతో కలిపి బొమ్మ చిరగకుండా చూసే ఫ్రీసింక్ గురించి కంపెనీ గొప్పగా చెప్పుకుంటున్న రోజుల్లో ఈ "కొత్త" కార్డ్‌లో గేముల్లో ఫ్రీసింక్ పనిచేసేది కాదు, ఎందుకంటే చిప్ ఆ టెక్నాలజీ కంటే ముందుది. పేరు గొప్ప ఊరు దిబ్బ అంటే ఇదే.

ఎందుకు చేస్తారంటే, పక్కవాడు కొత్త సిరీస్ దించాడు, మన దగ్గర చెప్పుకోవడానికి కొత్త చిప్ లేదు, కంప్యూటర్లు తయారుచేసి అమ్మే కంపెనీలేమో ప్రతి ఏడాదీ పెద్ద అంకె అడుగుతాయి. 2012 నుంచి 2016 దాకా ఇద్దరూ 28 నానోమీటర్ల దగ్గరే ఇరుక్కుపోయారు, మధ్యలో వచ్చిన 20 నానోమీటర్ల పద్ధతి ఇలాంటి పెద్ద చిప్‌లకు కుదరలేదు. ఎన్విడియా అదే 28లో మాక్స్‌వెల్ అనే కొత్త డిజైన్ చేసి ముందుకెళ్ళింది, ఏఎండీ ఎక్కువగా పేర్లు మార్చి నెట్టుకొచ్చింది. పోటీ ఉంటే మనకే లాభం అంటారు, పైమెట్టు కార్డుల్లో అది నిజమే. కింది మెట్టులో కొత్త చిప్ చేయడం ఎవరికీ గిట్టుబాటు కాదు, కొనేది కూడా నాలాంటి అంతగా తెలియనివాళ్ళే, అందుకని అక్కడ అంకెలు మార్చి పని కానిచ్చేస్తారు.

నన్నడిగితే పాత చిప్‌కి కొత్త పేరు పెట్టడం చిన్న తప్పే, కనీసం రివ్యూలో చూసిన పెర్ఫార్మెన్సే ఇంటికి వస్తుంది. అసలు ప్రమాదం మంచి పేరున్న కార్డ్ పేరునే తక్కువ సరుకుకి పెట్టడం. జీటీ 1030 చూడండి. 2017లో జీడీడీఆర్5 మెమరీతో వచ్చింది, 2018లో అదే పేరుతో డీడీఆర్4 రకం వచ్చింది. రెండూ 64 బిట్ బస్, రెండూ 2 జీబీ. కానీ మొదటి దాంట్లో మెమరీ వేగం 6 జీబీపీఎస్ (సెకనుకు గిగాబిట్లు), రెండోదాంట్లో 2.1. బస్ వెడల్పుని ఈ వేగంతో గుణించి 8తో భాగిస్తే మొదటిది సెకనుకు 48 గిగాబైట్లు, రెండోది 16.8. దాదాపు మూడో వంతు! జీటీఎక్స్ 1060లో 6 జీబీ దానికి 1280 కోర్‌లు, 3 జీబీ దానికి 1152, చూసేవాళ్ళు మెమరీ మాత్రమే తగ్గిందనుకుంటారు. ఆర్‌ఎక్స్ 580లో 2304 ఉంటే, 2018లో చైనా మార్కెట్‌కి 2048ఎస్‌పీ అని ఇంకో 580 దించారు, అంకెల్లో చూస్తే అది కింది మోడల్ అయిన 570యే. ఆన్‌లైన్ లిస్టింగుల్లో ఆ తోక తరచూ ఎగిరిపోతుంది. 2024లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 3050 6 జీబీ కూడా ఇలాంటిదే, పాత 8 జీబీ దానికి 2560 కోర్‌లు, 128 బిట్ బస్ ఉంటే దీనికి 2304, 96 బిట్.

జీటీ 730 అయితే మరీ దారుణం. 2014లో ఒకే పేరుతో మూడు రకాలు అమ్మారు, ఒకదాంట్లో 96 కోర్‌ల పాత ఫెర్మి తరం చిప్, మిగతా రెండింట్లో దాని తర్వాతి తరమైన 384 కోర్‌ల కెప్లర్. ఫెర్మికి కొత్త డ్రైవర్లు 2018లో ఆగిపోయాయి, కెప్లర్‌కి 2021 దాకా వచ్చాయి. కొన్ని గేములు వాడే వల్కన్ అనే గ్రాఫిక్స్ టెక్నాలజీ ఫెర్మిలో అసలు పనిచేయదు. డబ్బా మీద మాత్రం మూడింటికీ అదే పేరు.

ల్యాప్‌టాప్ కొనేవాళ్ళకి ఇంకో మాట. ఆర్‌టీఎక్స్ 3080 డెస్క్‌టాప్‌లో 8704 కోర్‌లు, ల్యాప్‌టాప్‌లో 6144. పైగా ల్యాప్‌టాప్ చిప్‌కి 80 వాట్ల నుంచి 150 పైదాకా ఎంతిచ్చేదీ తయారీదారు ఇష్టం, కాబట్టి వాట్లు ఎన్నో కనుక్కోకుండా కొనకండి.

గొడవ చేస్తే ఏం లాభం అనుకునేవాళ్ళకి చెప్తున్నా, 2022 సెప్టెంబరులో ఎన్విడియా 4080 పేరుతో రెండు కార్డులు ప్రకటించింది, 16 జీబీ దానికి 9728 కోర్‌లు, 12 జీబీ దానికి 7680. జనం అంత తిట్టాక అక్టోబరులో చిన్నదాన్ని వెనక్కి తీసుకున్నారు, 2023 జనవరిలో అదే 4070 టీఐగా వచ్చింది.

నేను చేయాల్సి ఉండి చేయని పని పెద్దదేం కాదు. కొనేముందు టెక్‌పవర్అప్ అనే సైట్ డేటాబేస్‌లో ఆ కార్డ్ పేరు వెతికితే ఆ పేరుతో ఎన్ని రకాలున్నాయో కనిపిస్తుంది. కోర్‌ల సంఖ్య, బస్ ఎన్ని బిట్‌లు, మెమరీ రకం, ఈ మూడూ రాసుకుని, అమ్మేవాడి నుంచి పార్ట్ నంబర్ (ఏ రకమో చెప్పే తయారీదారు నంబర్) రాతపూర్వకంగా తీసుకుని, తయారీదారు సైట్‌లో ఆ నంబరుతోనే సరిపోల్చుకోండి. చెప్పనంటే వేరేచోట కొనండి. రివ్యూ ఏ తేదీదో చూడండి, నా కొంప ముంచింది అదే. కార్డ్ వచ్చాక గేమ్ పెట్టకముందే జీపీయూ-జెడ్ తెరవండి, డబ్బా వీడియో తీస్తూ విప్పండి. సెకండ్ హ్యాండ్ అయితే ఇది తప్పనిసరి, పాత చిప్‌లో బయాస్ (కార్డ్ లోపలుండే ప్రోగ్రామ్) మార్చి కొత్త పేరు చూపించేవాళ్ళున్నారు, అలాంటి చాలావాటిని ఈ సాఫ్ట్‌వేర్ 2018 నుంచి ఫేక్ అని పట్టిస్తోంది.

నా విషయానికొస్తే, కంపెనీకి మెయిల్ పెట్టాను. మూడో మెయిల్‌కి జవాబొచ్చింది, మీ కార్డ్ స్పెసిఫికేషన్ ప్రకారమే ఉంది, జత చేసిన షీట్ చూడండి అని. తెరిచి చూస్తే అది పాత రకం షీట్, నేను కొన్నాననుకున్న కార్డ్‌ది. "సరే, ఇదే పంపించండి" అని తిరిగి రాశాను. తొమ్మిది రోజులైంది, ఇంకా జవాబు రాలేదు.