నడిచి కొండ దిగాలంటే ఏది మేలు: అలిపిరా, శ్రీవారి మెట్టా?

తిరుమలలో దర్శనం అయ్యింది, లడ్డూలు చేతికొచ్చాయి, ఈసారి బస్సు ఎక్కకుండా నడిచే తిరుపతికి దిగిపోదాం అని చాలామందికి అనిపిస్తుంది. కొండ ఎలా ఎక్కాలి, ఎన్ని గంటలు పడుతుంది అని ఎవర్ని అడిగినా చెప్తారు గానీ, దిగడం గురించి అడిగితే మాత్రం "దిగడానికేముంది, ఏ దారైనా ఒకటే" అనేస్తారు. ఒకటి కాదండీ, అలిపిరి, శ్రీవారి మెట్టు అని రెండు మెట్ల దారులున్నాయి. ఎక్కడానికి మంచిదైన దారి దిగడానికి కూడా మంచిది అవ్వాలని లేదు. నన్నడిగితే దిగడానికి అలిపిరే మేలు, దూరం నాలుగింతలు ఉన్నా సరే.

ముందు లెక్కలు చూద్దాం. శ్రీవారి మెట్టు దారిలో 2,388 మెట్లు, దూరం రెండు కిలోమీటర్ల పైచిలుకు. అలిపిరి దారిలో 3,550 మెట్లు, దూరం సుమారు తొమ్మిది కిలోమీటర్లు. ఇది చూసి ఎవరైనా శ్రీవారి మెట్టే అంటారు. కానీ రెండు దారులూ దింపేది ఒకే కొండని. ఆ ఎత్తంతా ఒక దారి రెండు కిలోమీటర్లలో దింపేస్తుంది, ఇంకోటి తొమ్మిది కిలోమీటర్ల మేర మెల్లగా దింపుతుంది. తేడా అంతా మోకాళ్లకి తెలుస్తుంది.

ఎక్కేటప్పుడు ఆయాసం వస్తుంది, ఆగిపోతాం, కూర్చుంటాం, మంచినీళ్లు తాగుతాం. దిగేటప్పుడు ఆయాసం రాదు కాబట్టి ఆగాలనే తోచదు, అక్కడే వస్తుంది చిక్కు. ప్రతి మెట్టుకీ ఒంటి బరువంతా ఒక కాలి మీద పడుతుంది, తొడ ముందు కండరం సాగుతూనే ఆ బరువుని ఆపాలి, ఇలా వందల మెట్లు ఆపకుండా దిగితే ఆ పూట ఏమీ అనిపించదు గానీ మర్నాడు, ఆ మర్నాడు ఇంట్లో రెండు మెట్లు దిగాలన్నా గోడ పట్టుకోవాల్సి వస్తుంది. శ్రీవారి మెట్టులో ఈ బాధ ఎక్కువ, ఎందుకంటే మధ్యలో కాళ్లు తెరిపిన పడేంత చదునైన నేల చాలా తక్కువ. మెట్టు తర్వాత మెట్టే. గంటలో కిందికొచ్చేస్తారు, నిజమే, కానీ కిందికొచ్చి నిలబడ్డాక కాళ్లు వణుకుతాయి.

అలిపిరి అలా కాదు. పైనుంచి బయల్దేరగానే మోకాళ్ల మెట్టు దగ్గర నిటారుగా ఉంటుంది, అది కాళ్లల్లో ఓపిక ఉన్నప్పుడే అయిపోతుంది. ఆ తర్వాత దారి ఘాట్ రోడ్డు పక్కకి చేరుతుంది, చాలా దూరం నడకే గానీ మెట్లు తక్కువ, పిక్కలు వదులవుతాయి. అవ్వాచారి కోన, నరసింహస్వామి గుడి, ఏడో మైలు ఆంజనేయస్వామి, జింకల పార్కు, ఇవన్నీ ఈ మధ్య భాగంలోనే వస్తాయి. అడుగడుగునా కూర్చోవడానికి చోటు, తాగడానికి నీళ్లు, తినడానికి ఉప్పూకారం చల్లిన మామిడికాయ ముక్కలు దొరుకుతాయి. ఒక్కటి గుర్తుపెట్టుకోండి: 1944లో వేసిన ఈ మొదటి ఘాట్ రోడ్డు ఇప్పుడు కిందికి దిగే బండ్లకే, అంటే మీరు దిగుతుంటే బస్సులు మీ వెనక నుంచి వస్తాయి. పిల్లల చెయ్యి వదలకండి, సెల్ఫీల కోసం రోడ్డు మీదకి రాకండి.

ఆఖరున గాలి గోపురం. అక్కణ్ణించి అలిపిరి వరకు దాదాపు రెండు వేల మెట్లు, ఇదే అసలు పరీక్ష, ఈ విషయంలో అలిపిరి దారి సులువని నేను చెప్పను. గోపురం దగ్గర ఓ పావుగంట కూర్చుని, ఏదైనా తిని, అప్పుడు దిగండి. ఎదురుగా తిరుపతి ఊరంతా పరుచుకుని కనబడుతుంది, రైల్వే స్టేషన్ వైపు ఏది, మీ హోటల్ వైపు ఏది అని వెతుక్కుంటూ కూర్చుంటే పావుగంట ఇట్టే గడిచిపోతుంది.

ఎవరూ చెప్పని ఇంకో సంగతి. మొక్కు ఉన్నవాళ్లు ప్రతి మెట్టుకీ పసుపు రాసి, కుంకుమ పెట్టి, కర్పూరం వెలిగిస్తూ ఎక్కుతారు. ఎక్కేవాళ్లకి దానివల్ల ఇబ్బంది లేదు. దిగేవాళ్లకి మాత్రం తడిసిన పసుపు మీద మడమ పడిందంటే జర్రున జారుతుంది. మెట్టు మధ్యలో కాకుండా దారి పక్కవైపుగా, కమ్మీ ఉన్నచోట కమ్మీ పట్టుకుని దిగండి. వంగి బొట్టు పెడుతున్న ఆడవాళ్లకి మీ కాలు తగలకుండా చూసుకోవడం కూడా మన బాధ్యతే, వాళ్లు వంగి ఉంటారు కాబట్టి మీరు వచ్చేది వాళ్లకి కనపడదు.

అడవి గురించి కూడా చెప్పాలి. ఇది శేషాచలం అడవి, రెండు దారులూ దాని మధ్య నుంచే పోతాయి. 2023 ఆగస్టులో అలిపిరి దారిలోనే ఆరేళ్ల పాపని చిరుత పొట్టన పెట్టుకుంది. ఆ తర్వాత పిల్లలతో నడిచేవాళ్లకి వేళలు కుదించారు, గుంపులుగా పంపారు, చేతికర్రలు కూడా ఇచ్చారు. ఈ నిబంధనలు మారుతూ ఉంటాయి, బయల్దేరే రోజు టీటీడీ వాళ్లు ఏం చెప్తున్నారో కనుక్కోండి. ఏ దారైనా సరే, పిల్లలుంటే మధ్యాహ్నం దాటాక బయల్దేరకండి, పిల్లల్ని ముందు పరిగెత్తనివ్వకండి. జనం ఎక్కువ ఉండే దారి కావడం ఇక్కడ అలిపిరికి ఒక బలం. శ్రీవారి మెట్టు సాయంత్రానికి మూసేస్తారు, కాబట్టి పొద్దు వాలాక ఆ దారి ఊసే వద్దు.

వానల సంగతికొస్తే మన వైపు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. 2021 నవంబరు వరదకి శ్రీవారి మెట్టు దారి బాగా దెబ్బతిని, బాగుచేసి తెరిచేసరికి 2022 మే వచ్చింది. తుఫాను అని వార్త వస్తే ఏ దారీ వద్దు, బస్సే. అలిపిరి దారికి చాలా మేర పైకప్పు ఉంటుంది, మామూలు జల్లుకి, మే నెల ఎండకి అదే కాపాడుతుంది, చెప్పులు లేకుండా దిగేవాళ్లకైతే మరీను.

ఇక దిగాక ఎక్కడ తేలతాం అన్నది. అలిపిరిలో దిగితే ఊళ్లోకి వచ్చేసినట్టే, ఆటోలు, బస్సులు ఎదురుగానే ఉంటాయి, ఓపికుంటే కపిలతీర్థం చూసుకుని పోవచ్చు. శ్రీవారి మెట్టులో దిగితే శ్రీనివాస మంగాపురం వైపు వస్తారు, అక్కణ్ణించి తిరుపతికి మళ్లీ పన్నెండు కిలోమీటర్లకి పైనే, అలసిపోయిన కాళ్లతో బండి కోసం ఎదురుచూడాలి, ఆటో అయితే బేరం ఆడాలి. మీకు రైలు టైమ్ ఉందంటే ఈ ఒక్క కారణం చాలు.

మరి శ్రీవారి మెట్టు ఎవరికి? పొద్దున్నే దిగేవాళ్లకి, మోకాళ్లు గట్టిగా ఉన్న కుర్రాళ్లకి, ఆ రోజే మంగాపురంలో కల్యాణ వెంకన్నని, దగ్గర్లోనే ఉన్న చంద్రగిరి కోటని చూడాలనుకునేవాళ్లకి. ఆ ప్లాన్ ఉంటే నేను కూడా అటే పొమ్మంటాను. పైకి నడవాలన్నప్పుడు కూడా అదే మంచిది, రెండు గంటల్లో కొండ మీద ఉంటారు.

అరవై దాటిన అమ్మానాన్నలు "మేమూ నడుస్తాం" అంటే మాత్రం మోకాలి నొప్పి లేదని రూఢి చేసుకున్నాకే అలిపిరి దారిలో తీసుకురండి. బ్యాగులు బస్సులో వచ్చేవాళ్లకి ఇచ్చేసి, చేతిలో కర్ర, స్టీలు బాటిల్‌లో నీళ్లు మాత్రమే ఉంచుకోమనండి. తినే పొట్లం పైకి కనబడితే కోతులు వదలవు. మూడు గంటల్లో దిగాలని పెట్టుకోవద్దు, నాలుగైనా పర్వాలేదు.