కుతుబ్ షాహీ సమాధులు: పై గది చూసి వెనక్కి రాకండి, నేలమాళిగ కూడా చూడండి

గోల్కొండ కోట ఎక్కి దిగేసరికి ఓపిక అయిపోయి అటునుంచి అటే ఇంటికి వెళ్లిపోయేవాళ్లు చాలామంది. దగ్గర్లోనే ఉన్న కుతుబ్ షాహీ సమాధులకు దయచేసి విడిగా ఒక పొద్దున కేటాయించండి. నేనైతే ఐదుకు ఐదు ఇస్తాను.

ముందు హమామ్ చూడండి. రాజకుటుంబంలో ఎవరైనా పోతే ఖననానికి ముందు చివరి స్నానం చేయించింది ఇక్కడే. ఇది చూశాక సమాధుల దగ్గరికి వెళ్తే మనసు వేరుగా ఉంటుంది.

నన్ను ఎక్కువసేపు ఆపేసింది మహమ్మద్ కులీ సమాధి. 1591లో మన హైదరాబాద్‌కి పునాది వేసిన సుల్తాన్ ఆయనే, 1612లో పోయాడు. కట్టడం 42 మీటర్ల ఎత్తు ఉంటుంది. గుమ్మటం కింద గదిలో ఉన్న నల్లరాతి సమాధి దగ్గర ఫొటో దిగి అందరూ వెళ్లిపోతున్నారు గానీ అది గుర్తుగా పెట్టింది, ఆయన్ని పూడ్చిన చోటు ఆ నేల కింద నేలమాళిగలో ఉంది. తాజ్‌మహల్‌లోనూ ఇంతే. పైన ఎంత పెద్ద గుమ్మటం లేపినా మనిషిని మాత్రం మట్టిలోనే పెట్టాలి, ముఖం మక్కా వైపు తిరగాలి, మనకి మక్కా పడమర కాబట్టి తల ఉత్తరానికి, కాళ్లు దక్షిణానికి. పైనున్న ఆర్భాటమేదీ కింద లేదు, చల్లగా, చీకటిగా ఉంటుంది, మాట్లాడితే గొంతు మోగుతుంది. అక్కడ రీల్స్ తీస్తూ అరిచేవాళ్లని చూస్తే నిజంగా బాధేసింది, ఎవరి తాతముత్తాతలైనా సమాధి సమాధే కదా.

హయాత్ బక్షీ బేగం సమాధి అస్సలు వదలొద్దు. మహమ్మద్ కులీకి కూతురు, తర్వాతి సుల్తాన్‌కి భార్య, ఆ తర్వాత వచ్చిన అబ్దుల్లాకి తల్లి. రాజుల సమాధులకు ఏమాత్రం తీసిపోకుండా కట్టారు, పక్కనే మసీదు కూడా ఉంది. మన తెలుగు కవులు మల్కిభరాముడని పిలుచుకున్న సుల్తాన్ ఇబ్రహీం కూడా ఇక్కడే ఉన్నాడు, ఆయన సమాధి గోడల మీద మిగిలిన రంగు పలకల ముక్కలు దగ్గరికెళ్లి చూడండి. చివరి సుల్తాన్ తానీషా ఒక్కడే ఇక్కడ లేడు, 1687లో ఔరంగజేబు గోల్కొండని పట్టుకుని ఆయన్ని దౌలతాబాద్‌లో ఖైదు చేశాడు, సమాధి ఖుల్దాబాద్‌లో ఉంది.

2013 నుంచి ఆగా ఖాన్ ట్రస్ట్ వాళ్లు, ప్రభుత్వం కలిసి చేసిన మరమ్మతు పని చాలా గొప్పగా ఉంది. పాత రిపేర్లలో పూసిన సిమెంటు తీసేసి మళ్లీ డంగు సున్నంతో చేశారు. అప్పటి వానలకు కూలిన బడీ బావిని కూడా తిరిగి నిలబెట్టారు.

నడక చాలా ఉంటుంది, నీళ్లు, టోపీ ఉండాల్సిందే. నేలమాళిగలోకి దిగేటప్పుడు ఫోన్ టార్చ్ వేసుకోండి, పెద్దవాళ్లుంటే చెయ్యి పట్టుకుని దింపండి.