పాత కారుకి ఛార్జింగ్: డైనమో బాగుచేయించడమా, ఆల్టర్నేటర్ పెట్టడమా?

ల్యాండ్‌మాస్టర్లు, తొలి అంబాసిడర్లు, హెరాల్డ్‌లు కోనసీమ పెరళ్ళలోనూ, భీమవరం వైపు రైసుమిల్లు షెడ్లలోనూ ఇప్పటికీ నిలబడి ఉన్నాయి. అలాంటి బండిని మళ్ళీ రోడ్డెక్కిద్దామని పిలిస్తే ఆటో ఎలక్ట్రీషియన్ నోట ముందు వచ్చే మాట: "డైనమో పీకేసి ఆల్టర్నేటర్ పెట్టేద్దామండీ." రెండూ ఇంజిన్ తిప్పితే కరెంటు పుట్టించి బ్యాటరీ నింపేవే; డైనమో పాతకాలపుది, ఆల్టర్నేటర్ తర్వాత వచ్చింది. కొన్ని బండ్లకు ఆ మార్పు సరైన సలహాయే. చాలా బండ్లకు మాత్రం తొందరపాటు. ఏది మేలన్నది ఆ బండి ఎంత వేగంతో, ఏ వేళల్లో, ఎన్ని లైట్లతో తిరుగుతుందో చూసి తేల్చాలి.

ముందున్న దారులు మూడు. పాత డైనమోని, దాని కటౌట్ పెట్టెతో (వోల్టేజీని అదుపు చేస్తూ, డైనమోని బ్యాటరీకి కలిపి విడదీసే పెట్టె) సహా పూర్తిగా బాగుచేయించడం ఒకటి. డైనమో అలాగే ఉంచి, కటౌట్ పెట్టె లోపల ఎలక్ట్రానిక్ రెగ్యులేటర్ అమర్చడం రెండోది. ఆల్టర్నేటర్‌కి మారిపోవడం మూడోది. ఇక్కడి అంకెలు లూకాస్ సీ40 డైనమోకి, ఆర్‌బీ106 కటౌట్ పెట్టెకి చెందినవి. ఫియట్ 1100 అయితే దాని మాన్యువల్ అంకెలే పట్టుకోవాలి.

ముందు డైనమోని అడగండి

ఛార్జింగ్ ఎక్కడం లేదంటే డైనమో పోయినట్టు కాదు. మొదట బెల్టు చూడండి. పొడవాటి వైపు మధ్యలో బొటనవేలితో నొక్కితే అర అంగుళం దిగాలి. ఆ తర్వాత డైనమో మీద డీ (D), ఎఫ్ (F) అని ఉన్న టెర్మినళ్ళ వైర్లు రెండూ ఊడదీసి, ఆ రెండు టెర్మినళ్ళనీ చిన్న వైరు ముక్కతో కలిపి, అక్కడినుంచి బాడీకి వోల్టుమీటరు పెట్టండి. ఇంజిన్‌ని మెల్లగా 1,000 ఆర్‌పీఎం దాకా పెంచితే ముల్లు తడబడకుండా పైకి లేవాలి. 20 వోల్టులు దాటనివ్వద్దు, ఇంజిన్‌ని రేజ్ చేయొద్దు.

ముల్లు అసలు కదలకపోతే బ్రష్‌లు (కరెంటు అందుకునే బొగ్గు ముక్కలు) గూళ్ళలో బిగుసుకుపోయి ఉండవచ్చు, లేదా ఏళ్ళ తరబడి నిలిచిపోవడం వల్ల లోపలి అయస్కాంతం చచ్చిపోయి ఉండవచ్చు. ఒక వోల్టు దగ్గరే ఆగితే ఫీల్డ్ కాయిల్ (లోపల కదలకుండా ఉండి అయస్కాంతంగా పనిచేసే తీగచుట్ట) మీద అనుమానం. నాలుగైదు వోల్టుల దగ్గర ఆగితే ఆర్మేచర్ (మధ్యలో తిరిగే భాగం) వైండింగ్ మీద. ఫీల్డ్ కాయిల్‌ని మల్టీమీటర్‌తో కొలిస్తే సుమారు 6 ఓములు రావాలి. ముల్లు 20కి చక్కగా ఎక్కిందంటే డైనమో భేషుగ్గా ఉన్నట్టే. తప్పు కటౌట్‌లోనో వైర్లలోనో ఎర్త్‌లోనో (బ్యాటరీని, ఇంజిన్‌ని బాడీకి కలిపే కనెక్షన్) ఉంది.

డెల్టాలో ఎక్కువ అనుమానించాల్సింది ఎర్త్‌నే. ఉప్పుగాలికి, రొయ్యల చెరువుల మీద తేమకి రాగి లగ్గుల్లో పచ్చటి చిలుము పడుతుంది. పైకి వైరు బాగానే కనబడుతుంది, లోపల పోగులు నల్లబడి ఉంటాయి. ఇంజిన్ నడుస్తూ ఛార్జింగ్ అవుతుండగా ఇంజిన్ బ్లాకుకీ, బ్యాటరీ ఎర్త్ పోస్టుకీ మధ్య 0.2 వోల్టు మించి కనబడితే ముందు ఆ స్ట్రాప్ మార్చండి. ఆ ఒక్క పనితో సరిపోయే బండ్లూ ఉంటాయి.

లెక్క వేసి చూడాలి

సీ40 గరిష్ఠంగా ఇచ్చేది 22 ఆంపియర్లు, అదీ డైనమో 2,250 ఆర్‌పీఎం తిరిగినప్పుడు. ఇప్పుడు ఖర్చు చూడండి. ఇగ్నిషన్ కాయిల్ మూడున్నర. పాత 45 వాట్ల హెడ్‌లైట్లు రెండూ కలిపి ఏడున్నర. టెయిల్, పార్కింగ్, నంబరు ప్లేటు దీపాలు రెండు. వైపర్ రెండున్నర. మొత్తం పదిహేనున్నర, అంటే జడివానలో రాత్రి ప్రయాణమైనా డైనమో మోయగలదు. అవే హెడ్‌లైట్లు 60 వాట్ల హేలోజన్ చేస్తే మొత్తం 18. దానికి నాలుగు ఆంపియర్ల బ్లోయర్ ఫ్యాన్ కలిపితే 22 నిండింది. ఇక బ్రేకు నొక్కిన ప్రతిసారీ బ్యాటరీ నుంచే పోవాలి.

ఇదంతా బండి పరుగెడుతున్నప్పటి మాట. ఐడ్లింగ్‌లో డైనమో ఇచ్చేది దాదాపు సున్నా. పెళ్ళి ఊరేగింపులో పాత కారు బ్యాండు మేళం వెనక రెండు గంటలు పాకిందనుకోండి. హెడ్‌లైట్లు, టెయిల్ దీపాలు, కాయిల్ కలిపి 13 ఆంపియర్లు, రెండు గంటలకి 26 ఆంపియర్ అవర్లు. 60 ఆంపియర్ అవర్ల బ్యాటరీలో సగానికి దగ్గరగా ఖాళీ అయినట్టే. కాలువ గట్ల మీద, రావులపాలెం సెంటర్ ట్రాఫిక్‌లో నిత్యం పాకే బండికీ ఇదే గతి. 16వ నంబరు హైవే మీద రాజమండ్రి నుంచి తణుకు పగటిపూట వెళ్ళొచ్చే బండికి ఈ బాధే లేదు.

డైనమో బాగుచేయిస్తే

మోటార్ల వైండింగ్ తెలిసిన చేతులు ఇక్కడ కొరత లేదు. చేపల చెరువుల ఏరేటర్లు, పొలం మోటార్లు వాళ్ళ చేతుల్లో రోజూ నలుగుతుంటాయి. కానీ ఆర్మేచర్ పని వేరు. పాత తీగ విప్పేముందు గేజీ, ఒక్కో కాయిల్‌కి చుట్లు ఎన్నో రాయించుకోండి. చుట్టాక వార్నిష్‌లో ముంచి ఓవెన్‌లో ఆరబెట్టాలి, బ్రష్‌తో పూసి ఎండలో పెడితే ఈ తేమకి నిలవదు. గ్రౌలర్ (ఆర్మేచర్ చుట్లలో షార్టు ఉందేమో చూసే పరికరం) మీద పెట్టి చూపించమనండి. కమ్యుటేటర్‌ని (బ్రష్‌లు రాసుకుంటూ తిరిగే రాగి పట్టీల భాగం) లేత్ మీద సాపు చేయించి, రాగి పట్టీల మధ్య అభ్రకాన్ని సుమారు 0.8 మిల్లీమీటర్ల లోతుకి కోయించాలి. ఇది వదిలేస్తే బ్రష్‌లు ఎగిరి నిప్పురవ్వలు వస్తాయి. బ్రష్ పొడవు 7 మిల్లీమీటర్లకు దగ్గరపడితే కొత్తవి వేయాలి. వెనక బుష్‌కి రెండు మూడు చుక్కల ఇంజిన్ ఆయిల్ చాలు, ఎక్కువైతే కమ్యుటేటర్ మీదికి పాకుతుంది. డైనమో విప్పినప్పుడు లోపలి గోడకి టంకం బొట్లు అంటుకుని ఉంటే అది ఎప్పుడో మోయలేని లోడు మోసిందని గుర్తు. అలాంటి బండికి లైట్లు తగ్గించకుండా వైండింగ్ మళ్ళీ చేయించినా లాభం లేదు.

అసలు తలనొప్పి కటౌట్ పెట్టెతోనే. అందులో రెండు కాయిళ్ళు. ఒకటి వోల్టేజీని అదుపులో పెడుతుంది. రెండోది 12.7 నుంచి 13.3 వోల్టుల మధ్య డైనమోని బ్యాటరీకి కలుపుతుంది, ఇంజిన్ ఆగగానే విడదీస్తుంది. వానాకాలం రెండు నెలలు బండి కదలకపోతే ఆ పాయింట్ల మీద పొర కట్టి ఛార్జింగ్ దోబూచులాడుతుంది. సన్నటి గరుకు కాగితంతో రుద్ది, స్పిరిట్‌తో తుడిచి, అప్పుడు సెట్టింగ్ చూడాలి. పెట్టె మీది 'ఏ' (A), 'ఏ1' (A1) వైర్లు ఊడదీసి, ఆ రెంటినీ ఒకదానికొకటి కలిపి, ఓపెన్ సర్క్యూట్‌లో (డైనమో మీద లోడు లేకుండా) చూస్తే 20 డిగ్రీల దగ్గర 16.0 నుంచి 16.6 వోల్టులు ఉండాలి, మన వేడిలో కాస్త తక్కువ. ఈ 16ని చూసి కంగారుపడి స్క్రూ తిప్పి 14కి దించేస్తుంటారు. అలా దించితే బ్యాటరీ ఎన్నటికీ నిండదు. పెట్టె కింది 'ఈ' (E) అనే ఎర్త్ టెర్మినల్ సడలితే మాత్రం డైనమో అదుపు తప్పి కాలిపోతుంది. ఇంజిన్ ఆపాక కూడా కటౌట్ పాయింట్లు అతుక్కుని ఉంటే బ్యాటరీ కరెంటు వెనక్కి డైనమోలోకి పోతుంది, వైర్లు వేడెక్కి పొగ వస్తుంది. క్షణం ఆగకుండా బ్యాటరీ టెర్మినల్ పీకాలి.

అందుకే డెల్టా బండికి రెండో దారి మీద మాకు మక్కువ ఎక్కువ. పాత పెట్టె మూత కింద ఇమిడిపోయే ఎలక్ట్రానిక్ రెగ్యులేటర్లు బ్రిటన్‌లో తయారవుతాయి. పాయింట్లు లేవు, చిలుము పట్టేది లేదు. ఎపాక్సీతో పోత పోసినదే తీసుకోండి. బ్యాటరీ పాజిటివ్ బాడీకి కలిపిన (పాజిటివ్ ఎర్త్) బండ్లకి, నెగెటివ్ కలిపిన (నెగెటివ్ ఎర్త్) బండ్లకి వేర్వేరు రకాలుంటాయి, చూసి కొనాలి. డైనమోలో అయస్కాంతం మళ్ళీ నింపడానికి ఎఫ్ టెర్మినల్‌ని బ్యాటరీ లైవ్ వైరుతో ఒక్క క్షణం తాకించేటప్పుడు ఆ రెగ్యులేటర్ వైరు తప్పనిసరిగా విడదీయాలి, లేకపోతే అది అక్కడికక్కడే పోతుంది. ఆల్టర్నేటర్ రెగ్యులేటర్‌ని దీని బదులు వాడబోకండి. డైనమోకి బ్యాటరీని విడదీసే ఏర్పాటు కావాలి, అందులో అది ఉండదు.

ఆల్టర్నేటర్ అయితే

మారుతి 800 ఆల్టర్నేటర్ చిన్నది, దొరుకుతుంది, పుల్లీ సరిగా కుదిరితే ఐడ్లింగ్‌లో కూడా దీపాల బరువు చాలావరకు మోస్తుంది. చిక్కులు దాని చుట్టూ ఉన్న పనిలో వస్తాయి. బండి పాజిటివ్ ఎర్త్ అయితే ముందు నెగెటివ్‌కి మార్చాలి: బ్యాటరీ తిప్పాలి, ఇగ్నిషన్ కాయిల్ వైర్లు, ఆంపియర్ మీటర్ వైర్లు అటూ ఇటూ మార్చాలి. ఒక్కసారి బ్యాటరీ తిరగేసి తగిలించినా డయోడ్లు పోతాయి.

డైనమో నుంచి వచ్చే పాత మందపు వైరు 40 ఆంపియర్లకు చాలదు. కనీసం 6 చదరపు మిల్లీమీటర్ల కొత్త కేబుల్‌ని ఆల్టర్నేటర్ బీ ప్లస్ (B+) టెర్మినల్ నుంచి సెల్ఫ్ సోలెనాయిడ్‌కి (స్టార్టర్ స్విచ్చి) బ్యాటరీ వైరు వచ్చే వైపుకి నేరుగా లాగి, బ్యాటరీ దగ్గర ఫ్యూజు పెట్టాలి. 30 ఆంపియర్ల పాత మీటర్ గుండా ఈ కరెంటు పంపితే డ్యాష్‌బోర్డు వెనక మంట లేవవచ్చు. డ్యాష్‌బోర్డులోని ఎర్ర దీపం 2.2 వాట్ల బల్బే ఉండాలి, దాని గుండానే ఆల్టర్నేటర్‌కి మొదటి కరెంటు అందుతుంది. అక్కడ ఎల్‌ఈడీ పెడితే ఛార్జింగ్ మొదలవకపోవచ్చు. పుల్లీ గాడి వెడల్పు పాత బెల్టుకి సరిపోవాలి, మూడు పుల్లీలూ ఒకే గీతలో ఉండాలి. బ్రాకెట్‌ని బోల్టులతో బిగించండి, బ్లాకుకి వెల్డింగ్ చేయించొద్దు. బాడీకి ఎక్కడ వెల్డింగ్ జరిగినా ముందు ఆల్టర్నేటర్ వైర్లు విప్పాలి.

డైనమో ఆకారంలోనే వచ్చే ఆల్టర్నేటర్లూ విదేశాల్లో ఉన్నాయి. ఖరీదు ఎక్కువ, చెడితే ఇక్కడ విప్పేవాళ్ళు దొరకరు.

వరద నీళ్ళు ఇంజిన్ దాకా వచ్చిన లంక గ్రామాల బండ్లకు డైనమోదే పైచేయి. విప్పి, మంచినీళ్ళతో కడిగి, 80 డిగ్రీల ఓవెన్‌లో ఆరబెట్టి, మెగ్గర్‌తో (ఇన్సులేషన్ కొలిచే మీటరు) కనీసం 1 మెగా ఓము చూసి మళ్ళీ బిగించవచ్చు. ఆల్టర్నేటర్‌లో డయోడ్ పలక, రెగ్యులేటర్ సాధారణంగా మార్చాల్సి వస్తుంది.

యాభై ఏళ్ళు దాటిన బండికి 2021 నిబంధనల కింద వీఏ అక్షరాలున్న వింటేజ్ నంబరు తీసుకోదలిస్తే ఛాసిస్, బాడీ, ఇంజిన్ మార్చకుండా ఉండాలి. అందుకే బ్లాకుకి కోతలు, వెల్డింగులు వద్దనేది. ఆ నంబరు మీద బండిని పెళ్ళిళ్ళకి అద్దెకి తిప్పడానికీ వీల్లేదు.

పగలు తిరిగి, పండగలకి బయటికొచ్చే బండికి డైనమో, ఎలక్ట్రానిక్ రెగ్యులేటర్, కొత్త ఎర్త్ స్ట్రాపులు. అన్నీ అసలువే ఉండాలనుకునే వాళ్ళు పాత పెట్టెనే ఉంచుకుని, వానాకాలంలో పదిహేను రోజులకోసారి అరగంట నడపాలి. రాత్రుళ్ళు తిరిగేది, ఊరేగింపుల్లో పాకేది, హేలోజన్లు, బ్లోయరు వదులుకోలేనిది అయితే ఆల్టర్నేటర్‌కి మారడమే మేలు. తీసిన డైనమోని ఇనుపసామాన్ల వాడికి ఇవ్వొద్దు. నూనె గుడ్డలో చుట్టి, బ్రాకెట్, బోల్టులతో సహా డిక్కీలో పెట్టండి, కొనేవాడు మొదట అడిగేది దాన్నే.

ఏది బిగించినా, చీకటి పడ్డాక హెడ్‌లైట్లు, వైపర్ వేసి, ఇంజిన్ ఒక మోస్తరు వేగంలో ఉండగా బ్యాటరీ పోస్టుల మీదే వోల్టేజీ చూడండి. ఆల్టర్నేటర్ అయితే 14కి అటూ ఇటూగా, డైనమో అయితే 13.2కి తగ్గకుండా ఉండాలి. తగ్గితే దీపాలు ఒక్కొక్కటే ఆర్పుతూ ఎక్కడ కోలుకుంటుందో చూస్తే మోయలేని లోడు ఏదో దొరుకుతుంది.