సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో 1917 వెంట: ఎక్కడ దిగాలి, ఏది చూడాలి

సెయింట్ పీటర్స్‌బర్గ్‌కి చాలామంది రాజభవనాల వైభవం కోసం వెళ్తారు. నేను వెళ్లింది 1917 కోసం. రష్యాను మూడు వందల ఏళ్లు ఏలిన రొమానొవ్ వంశం గద్దె దిగాక ఎనిమిది నెలలైనా తిరక్కుండా లెనిన్ పార్టీ బోల్షివిక్కుల చేతికి అధికారం వచ్చింది. ఆ కథ జరిగిన చోట్లన్నీ కాలినడకన చూడాలన్నది నా పాత కోరిక.

బసకు ఊరి ప్రధాన వీధి నెవ్‌స్కీ ప్రాస్పెక్ట్ కంటే గోర్కోవ్‌స్కయా మెట్రో చుట్టుపక్కల నయం. పీటర్-పాల్ కోట, క్షెసిన్‌స్కయా భవనం, అక్టోబర్ తిరుగుబాటు రాత్రి ఫిరంగి పేల్చిన అరోరా యుద్ధనౌక అన్నీ నడక దూరమే. వేసవిలో మాత్రం అర్ధరాత్రి దాటాక నేవా నది వంతెనలు ఎత్తేస్తారు, ఈలోపే గది చేరుకోవాలి. నేను దిగిన గెస్ట్‌హౌస్ ఒకప్పటి కొమ్మునాల్కా, అంటే ఉమ్మడి ఫ్లాట్. విప్లవం తర్వాత ధనికుల పెద్ద పెద్ద ఫ్లాట్లను గదికో కుటుంబం చొప్పున ఇచ్చేశారు, వంటిల్లు అందరికీ ఒక్కటే. గది శుభ్రంగా ఉంది, పప్పన్నం వండుకోనిచ్చారు. లిఫ్ట్ లేదు. పెద్దవాళ్లతో వెళ్తే ముందే అడగండి.

నన్ను ఎక్కువసేపు నిలబెట్టేసింది కోటలోని త్రుబెత్స్‌కోయ్ జైలు. జార్ కాలంలో రాజకీయ ఖైదీలను ఇక్కడ ఉంచేవారు. లెనిన్ అన్న అలెగ్జాండర్ కూడా 1887లో ఉరికి ముందు ఇక్కడున్నాడు. 1917 ఫిబ్రవరి విప్లవం తర్వాత జార్ మంత్రులను ఇదే జైల్లో పెట్టారు. అక్టోబర్‌లో బోల్షివిక్కులు కూలదోసిన, జార్ తర్వాత వచ్చిన తాత్కాలిక ప్రభుత్వ మంత్రులూ ఇక్కడికే వచ్చారు. ఇనుప మంచం, గోడకు బిగించిన బల్ల, అందనంత ఎత్తులో కిటికీ. బయట కొద్ది అడుగుల్లోనే చర్చి. 1918లో కాల్చి చంపిన రెండో నికోలస్‌, ఆయన భార్య, ముగ్గురు కూతుళ్ల అవశేషాలను 1998 జూలై 17న అక్కడ ఖననం చేశారు. జైలు, చర్చి ఒకే పూటలో చూడండి.

క్షెసిన్‌స్కయా భవనం ఇప్పుడు రాజకీయ చరిత్ర మ్యూజియం. నికోలస్ పెళ్లికి ముందు ప్రేమించిన నర్తకి ఇల్లది. బోల్షివిక్కులు ఆక్రమిస్తే ఆమె కోర్టుకెక్కి గెలిచింది కూడా. ప్రవాసం నుంచి తిరిగొచ్చిన రాత్రి లెనిన్ మాట్లాడిన బాల్కనీ ఈ ఇంటిదే. రద్దీ తక్కువ, తీరిగ్గా చూడొచ్చు. నా లెక్కలో ఊళ్లో అన్నిటికన్నా విలువైన టికెట్ ఇదే.

ఒకప్పటి జార్ల శీతాకాల భవనమైన హెర్మిటేజ్ మ్యూజియంలో జనం బంగారు హాళ్ల వైపే పరుగెడతారు. మీరు చిన్న భోజనాల గది వెతుక్కోండి. తాత్కాలిక ప్రభుత్వ మంత్రులను అరెస్టు చేసింది అక్కడే. అక్కడి గడియారాన్ని 2:10 దగ్గర ఆపేశారు, వందేళ్లకు 2017లో మళ్లీ నడిపించారు. సోమవారం సెలవు.

యుసుపొవ్ భవనంలో రాజకుటుంబానికి దగ్గరైన సాధువు రస్పుటిన్ హత్య జరిగిన నేలమాళిగలో మైనపు బొమ్మలు పెట్టారు, నాకు నచ్చలేదు. ఆ సమయం ఊరి బయట త్సార్‌స్కొయె సెలోలోని అలెగ్జాండర్ ప్యాలెస్‌కి ఇవ్వండి. గద్దె దిగిన రాజు కుటుంబంతో సహా గృహనిర్బంధంలో గడిపి, పార్కులో కూరగాయలు పండించింది అక్కడే.

తారీఖులు చూసి కంగారుపడొద్దు. అప్పటి రష్యన్ క్యాలెండర్ 13 రోజులు వెనక, అందుకే అక్టోబర్ విప్లవం మనకు నవంబర్ 7. మన వీసా, మాస్టర్ కార్డులు అక్కడ పనిచేయవు కాబట్టి డాలర్లో యూరోలో నగదు పట్టుకెళ్లి బ్యాంకులో మార్చుకోండి.